షెడ్డు మెరవాలంటే... ముందు గుట్ట తీయాలి!

కారు కోసమని షెడ్డు కట్టుకుంటాం. నాలుగేళ్లు తిరిగేసరికి కారు వీధిలోకి, సామాను షెడ్డులోకి చేరతాయి. అరిగిన టైర్లు, పాడైన కూలరు, సగం వాడిన రంగు డబ్బాలు, పిల్లలు తొక్కడం మానేసిన సైకిలు, పొలం నుంచి వచ్చిన గోనె సంచులు, పురుగుమందు సీసాలు... ‘ఎప్పటికైనా పనికొస్తాయి’ అని ఒకదాని మీద ఒకటి పేర్చేస్తాం. కింద గచ్చు పెచ్చులూడి, దుమ్ము రేగుతుంటే ‘ఎపాక్సీ వేయిస్తే అద్దంలా ఉంటుంది’ అని ఎవరో చెబుతారు.

ఆలోచన మంచిదే. ఆసుపత్రుల్లో, మందుల కంపెనీల్లో ఈ పూతే వేస్తారు. అతుకులుండవు కాబట్టి దుమ్ము నిలవదు. నూనె మరకలు తుడిస్తే పోతాయి. కానీ షెడ్డు ఆరోగ్యంగా మారేది పూతతో కాదు, పూత కోసం ఖాళీ చేయడంతో. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ లాంటి డెల్టా ప్రాంతంలో అయితే గచ్చు కింద చెమ్మ సంగతి కూడా చూసుకోవాలి. ఈ రెండూ వదిలేస్తే డబ్బూ పోతుంది, జబ్బూ మిగులుతుంది.

గుట్టలో ఎవరున్నారు?

దివిసీమ వాళ్లకు 2018 వర్షాకాలం గుర్తుండే ఉంటుంది. ఊరూరా పాముకాట్లే. బాధితులు అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి వరుస కట్టారు. ఆ ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా చేశారు. పొలాల్లో నీళ్లు నిలిస్తే పాములు మెరక వెతుక్కుంటాయి. ఎలుకలున్న చోటికి వస్తాయి. షెడ్డులో సామాన్ల గుట్ట వాటికి రెండు విధాలా అనుకూలం.

ఎలుకల వల్ల మరో ముప్పూ ఉంది. వాటి మూత్రం కలిసిన తడి కాలి పగుళ్లకు, పుండ్లకు తగిలితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం దీని లక్షణాలు. ముదిరితే కామెర్లు, కిడ్నీ సమస్యలు వస్తాయి. ఇక టైర్లలో నిలిచిన గుక్కెడు నీళ్లు చాలు, డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి అంటుకునే ఉంటాయి. మళ్లీ తడి తగిలితే వారం పది రోజుల్లో దోమలవుతాయి.

సగం సగం వద్దు

సామాను ఓ మూలకు నెట్టి, సగం నేలకు పూత వేసి, ఆరాక ఇటు జరిపి మిగతా సగం వేద్దామనుకుంటారు. ఇది పనికిరాదు. పక్కనున్న గుట్ట దుమ్ము తడి పూత మీద పడుతుంది. రెండు సగాలు కలిసే చోట అతుకు పడి, అక్కడి నుంచే పెచ్చు లేస్తుంది. ఎలుకలకు మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు. అవి ఈ సగం నుంచి ఆ సగానికి మారతాయి, అంతే. షెడ్డు కనీసం పది రోజులు పూర్తిగా ఖాళీగా ఉండేలా చూసుకోండి.

ఖాళీ చేసే పని పగటిపూటే పెట్టుకోండి. బూట్లు, మందపాటి గ్లౌజులు వేసుకుని, చేతిలో కర్ర పట్టుకోండి. కింద నుంచి లాగకుండా పైనుంచి ఒక్కొక్కటే తీయండి. కనిపించని సందులో చెయ్యి పెట్టొద్దు. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. ఎలుక పెంటికలుంటే పొడిగా ఊడవొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫినాయిల్ నీళ్లు చల్లి, నానాక తుడిచేయండి.

తీసినవాటిని మూడు కుప్పలు చేయండి. ఇంట్లోకి వెళ్లేవి, పాత సామాన్ల బండికి వేసేవి, తిరిగి షెడ్డులోకి వచ్చేవి. ఏడాదిగా ముట్టుకోని వస్తువు మూడో కుప్పలోకి రాకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఉండనీ’ అంటారు. టైరు సంగతీ, పాము సంగతీ చెప్పి ఒప్పించండి.

చెమ్మ చెప్పేది వినండి

డెల్టాలో ఇల్లు మెరక చేసి కట్టుకుంటాం. కారు ఎక్కాలి కాబట్టి షెడ్డు మాత్రం రోడ్డు ఎత్తుకే ఉంటుంది. రోడ్డు మీద రోడ్డు వేసేకొద్దీ ఇంకా పల్లమవుతుంది. కాల్వలకు నీళ్లు వదిలి వానలు మొదలయ్యాక భూమిలో నీటిమట్టం పైకొస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ నీటిలో ఉప్పు కూడా ఉంటుంది. గచ్చు మీద తెల్లగా పొంగేది ఆ ఉప్పే. దాని మీద ఎపాక్సీ వేస్తే కింది చెమ్మకు దారి ఉండదు. పూతను బుడగల్లా పైకి లేపుతుంది. కారు టైరు తిరిగినప్పుడల్లా పెచ్చులు ఊడొస్తాయి.

ఈ సంగతి ముందే తెలుసుకోవడం తేలిక. రెండడుగుల చదరపు మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని గచ్చు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒక రోజంతా ఉంచి తీయండి. అడుగున నీటి చుక్కలు కనిపించినా, గచ్చు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. నాలుగైదు చోట్ల చూడండి. కాల్వలు కట్టేసిన ఎండాకాలంలో ఒక్కటే పరీక్ష చేస్తే మోసపోతాం. పరీక్ష వానాకాలంలో, పూత పొడి రోజుల్లో పెట్టుకోవడం మేలు. కొత్త గచ్చయితే కనీసం 28 రోజులు ఆగాలి.

చెమ్మ గట్టిగా ఉంటే ఎపాక్సీ మానుకోండి. గరుకు పార్కింగ్ టైల్స్ వేయించినా, పగుళ్లు పూడ్చి వాటంగా సిమెంటు గచ్చు చేయించినా చాలు. ఆరోగ్యానికి కావాల్సింది ఖాళీగా, పొడిగా, నీళ్లు నిలవని నేల. అది అద్దంలా మెరవక్కర్లేదు.

యాసిడ్, బ్లీచింగ్ కలవకూడదు

పూత పట్టాలంటే పాత గచ్చును గరుకు చేయాలి. కొందరు మేస్త్రీలు యాసిడ్ పోసి కడుగుతారు. చేపల చెరువులు, రొయ్యల చెరువులున్న ఇళ్లలో బ్లీచింగ్ పౌడరు బస్తాలు షెడ్డులోనే ఉంటాయి. ఒలికిన పౌడరుకు యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన షెడ్డులో అది ప్రాణాల మీదికి తెస్తుంది. యాసిడ్ డబ్బా తెరవకముందే బ్లీచింగ్ బస్తాలు, పురుగుమందులు, పెట్రోలు బయటికి పోవాలి. ఒలికిన పౌడరును పూర్తిగా ఎత్తేసి, నేలను మంచినీళ్లతో కడగాలి. ఘాటు వాసన వస్తే వెంటనే గాలి వచ్చే చోటికి వెళ్లిపోండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

గ్రైండింగ్ యంత్రంతో అరగదీసినా జాగ్రత్త అవసరమే. సిమెంటు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. దుమ్ము పీల్చే వాక్యూమ్ ఉన్న యంత్రం అడగండి. పనివాళ్లకు ఎన్95 మాస్కులు ఇవ్వండి. వాళ్లదీ ప్రాణమే కదా!

చర్మానికి తగిలితే...

ఎపాక్సీలో రెండు భాగాలుంటాయి. ఒకటి రెజిన్, రెండోది హార్డెనర్. గట్టిపడ్డాక పెద్దగా ఇబ్బంది ఉండదు. తడిగా ఉన్నప్పుడే ప్రమాదం. రెజిన్ పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ పుడుతుంది. ఒకసారి పుట్టిందంటే జీవితాంతం ఉండొచ్చు. తర్వాత కాస్త తగిలినా దురద, దద్దుర్లు, పొక్కులు వస్తాయి. హార్డెనర్ కంట్లో పడితే కాలిన గాయంలా చేస్తుంది.

నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. చేతికి అంటితే సబ్బూ నీళ్లతోనే కడగాలి. థిన్నరుతో తుడిస్తే రసాయనం చర్మంలోకి ఇంకా దిగుతుంది. మామూలు బట్ట మాస్కు, ఎన్95 దుమ్మును ఆపుతాయి గానీ ఆవిరిని ఆపవు. ఇంట్లో వేసేటప్పుడు సాల్వెంట్ లేని రకం అడగడం మంచిది. కలిపిన మిశ్రమాన్ని బకెట్లో వదిలేస్తే వేడెక్కి పొగ వస్తుంది, కాబట్టి కొద్దికొద్దిగానే కలపాలి.

షెడ్డు తలుపులు బార్లా తీసి, ఇంట్లోకి తెరుచుకునే తలుపు, కిటికీలు మూసేయండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు వాసన తగ్గేదాకా బంధువుల ఇంట్లో ఉంటే మేలు.

తాతయ్య జారకుండా

నున్నటి ఎపాక్సీ మీద వాన నీళ్లు పడితే కాలు నిలవదు. పెద్ద వయసులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడం కష్టం. పై పూత తడిగా ఉండగానే సన్నని సిలికా ఇసుక చల్లమని మేస్త్రీకి ముందే చెప్పండి. లేత బూడిద రంగు ఎంచుకోండి. రాత్రిపూట లైటు వేయగానే నేల మీద కట్లపామైనా, తేలైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నడవడానికి ఒక రోజు, కారు పెట్టడానికి సాధారణంగా వారం ఆగాలి. డబ్బా మీద రాసిన గడువే పాటించండి. తర్వాత సామాను నేల మీద పెట్టొద్దు. గోడకు ఇనుప ర్యాకులు బిగించి, కింది అర నేలకు అడుగు ఎత్తున ఉండేలా చూడండి. గోడ మూలల కన్నాలు సిమెంటుతో పూడ్చండి. చీపురు ర్యాకుల కిందికి హాయిగా వెళ్తుంటే మీ షెడ్డు బాగున్నట్టే!

పాము కాటేస్తే...

* ధైర్యం చెప్పి, పడుకోబెట్టండి. కాటు పడిన కాలు లేదా చెయ్యి కదలకుండా చూడండి.
* ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసేయండి. వాపు వస్తే బిగుసుకుపోతాయి.
* తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు రాయడం వద్దు.
* కట్లపాము కాటు నొప్పి తెలియకపోవచ్చు. నొప్పి లేదని ఇంట్లో ఆగొద్దు.
* పామును పట్టుకునే ప్రయత్నం వద్దు. 108కి ఫోన్ చేసి, విష విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.