రీఛార్జ్ లేని టీవీకి కోత పెట్టొద్దు

రీల్స్ తెరిస్తే ప్రపంచమంతా కనిపిస్తది, మన ఒగ్గు కథ తప్ప. ఆ కథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్య గారిది జనగామ జిల్లానే. అలాంటి కళాకారుడికి గంటసేపు ఏ చానల్ ఇస్తది? రేటింగ్ చూసుకునేవాళ్లు ఇవ్వరు. దూరదర్శన్ యాదగిరి ఇవ్వగలదు, డబ్బులుంటే.

2023 జనవరిలో కేంద్రం 'బైండ్' పథకం కింద ప్రసార భారతికి 2,539 కోట్లు ఓకే చేసింది. గడువు 2025-26 వరకే. మారుమూల, గిరిజన ప్రాంతాలకు 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులన్నదీ అందులోనే. మహబూబాబాద్ తండాల్లో, భూపాలపల్లి అడవి పల్లెల్లో నెలనెలా రీఛార్జ్ అడగని టీవీ అదే. (నేను యాప్‌లు రాసేవాణ్ని. అయినా చెప్తున్నా, సిగ్నల్ లేనిచోట యాప్ ఉన్నా లేనట్టే.)

జనగామకు భువనగిరి ఎంపీ, భూపాలపల్లికి వరంగల్ ఎంపీ, మహబూబాబాద్‌కు సొంత ఎంపీ. ముగ్గురూ పార్లమెంటులో అడగాల్సింది ఒక్కటే: ప్రాంతీయ చానళ్ల నిధులు తగ్గించొద్దని.