కార్చిచ్చుకూ కావాలి ఒకే పటం

రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో మధ్య భారతం మీదుగా వెళ్లే ఉపగ్రహాల్లో వీఐఐఆర్‌ఎస్ అనే పరికరం ఉంటుంది. నేల మీది వేడిని పసిగట్టడం దాని పనుల్లో ఒకటి. అది కొలిమి వేడా, అడవి వేడా అన్నది దానికి పట్టదు. అందుకే భిలాయి ఉక్కు కర్మాగారం మంటల పటాల్లో ఏ కాలంలో చూసినా చుక్కై కనిపిస్తుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కొలిమి వేడిని అడవి మంటగా పొరబడకుండా నాసా తన పాత రికార్డుల్లో ఇలాంటి చోట్లకు ‘కదలని ఉష్ణస్థానం’ అనే అర్థంలో వేరే సంకేతం ఇస్తుంది.

భిలాయికి దక్షిణంగా దాదాపు 90 కిలోమీటర్లు వెళ్తే దల్లీ రాజహరా. కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే కొండలవి. అవి దాటితే కాంకేర్, నారాయణ్‌పూర్, బస్తర్ అడవులు. ఎండాకాలంలో అక్కడ పడే చుక్కలు కొలిమి చుక్కలు కావు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకులు కాల్చినప్పుడు అంటుకున్నవి కొన్ని, తునికాకు కొత్త చిగుళ్ల కోసం పెట్టినవి మరికొన్ని, బీడీ ముక్కతోనో వంట పొయ్యితోనో మొదలైనవి ఇంకొన్ని. వేళకు ఆర్పితే చిన్నవే. ఆలస్యమైతే గుట్టలు గుట్టలే తగలబడతాయి.

ఈ శీర్షికలో కార్చిచ్చు గురించి ఎందుకని పాఠకులు అడగవచ్చు. మంట పెద్దదైతే పిలుపు వెళ్లేది చివరికి సైన్యానికీ, వైమానిక దళానికీ, జాతీయ విపత్తు స్పందన దళానికే. 2019 ఫిబ్రవరిలో బందీపూర్‌లో, 2020 డిసెంబరు చివర మొదలైన నాగాలాండ్, మణిపూర్ సరిహద్దు జూకో లోయ మంటల్లో, 2024 ఏప్రిల్‌లో నైనితాల్‌లో ఎంఐ-17 హెలికాప్టర్లు బకెట్లతో నీళ్లు మోశాయి. 2022 మేలో పూంఛ్ జిల్లా మెంఢర్ దగ్గర నియంత్రణ రేఖ వెంట అడవి అంటుకున్నప్పుడు పాతిపెట్టిన మందుపాతరలు పేలాయి. ఇక బస్తర్‌లో గత కొన్నేళ్లలో కొత్తగా వెలిసిన భద్రతా దళాల క్యాంపులు చాలావరకు అడవి మధ్యనే ఉన్నాయి. రావ్‌ఘాట్ గనులకూ, అక్కడికి వేసే రైలుమార్గానికీ కాపలా కాసేది కూడా కేంద్ర బలగాలే.

ఇంతమంది ఒక మంట దగ్గర కలిసినప్పుడు ముందుగా తేలాల్సిన ప్రశ్న ఒక్కటే. మంట ఎక్కడ? అటవీ గార్డు బీట్ పేరు, కంపార్ట్‌మెంట్ నంబరు చెబుతాడు. పోలీసు ఠాణా, ఊరి పేరు చెబుతాడు. కేంద్ర బలగాల అధికారి ఆరంకెల గ్రిడ్ రెఫరెన్సు ఇస్తాడు. పైలట్‌కు అక్షాంశ రేఖాంశాలు కావాలి. నలుగురూ నిజమే చెప్పారు. నలుగురి నిజాలూ ఒకే కాగితం మీదికి రాకపోతే నీళ్లు మాత్రం పక్క లోయలో పడతాయి.

ఇది ఎంత తేలికగా జరుగుతుందో చెప్పడానికి చిన్న లెక్క చాలు. వైర్‌లెస్‌లో ఒకరు ‘ఇరవై ఒక్క డిగ్రీల పన్నెండు పాయింట్ ముప్పై’ అన్నారనుకుందాం. చెప్పినవారి ఉద్దేశం పన్నెండు పాయింట్ మూడు నిమిషాలు. విన్నవారు పన్నెండు నిమిషాల ముప్పై సెకన్లని రాసుకున్నారు. తేడా పన్నెండు సెకన్లు. నేల మీద అది సుమారు 370 మీటర్లు. కొండ ప్రాంతంలో 370 మీటర్లంటే గుట్టకు అవతలి వైపు.

రెండో చిక్కు పాతది, బ్రిటిష్ వారి నుంచి వచ్చింది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు ఎవరెస్ట్ గోళం ఆధారంగా గీసినవి. నేటి జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84. ఒకే అంకెలను ఈ రెండింటి మీదా పెడితే మన దేశంలో వంద మీటర్లకు మించి జరుగుడు వస్తుంది. 2005 జాతీయ పటాల విధానం పౌర అవసరాలకు ఓపెన్ సిరీస్, రక్షణ అవసరాలకు డిఫెన్స్ సిరీస్ అని రెండు వరసలు తెచ్చి, మొదటిదాన్ని పూర్తిగా డబ్ల్యూజీఎస్-84 మీదికి మార్చింది. అయినా గోడకు వేలాడే పాత షీట్లకు కాలం చెల్లిందని గోడకు తెలియదు కదా.

మూడోది యూటీఎం మండలాలు. భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి ఇది. భిలాయి, రాయ్‌పూర్, బస్తర్, హైదరాబాద్, విజయవాడ అన్నీ 44వ పట్టీలోకి వస్తాయి. 84 డిగ్రీల రేఖాంశం దాటగానే 45వ పట్టీ మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో జశ్‌పూర్, మన దగ్గర ఇచ్ఛాపురం ఆ పట్టీలోవి. పట్టీ నంబరు రాయకుండా మీటర్ల అంకెలు మాత్రమే పంపితే ఇచ్ఛాపురం మంట వందల కిలోమీటర్ల దూరాన తేలుతుంది. అదీ ఒకందుకు మంచిదే, అంత పెద్ద తప్పయితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ప్రమాదమంతా వందా, మూడు వందల మీటర్ల తప్పులతోనే.

అమెరికా ఈ పాఠాన్ని ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1970లో కాలిఫోర్నియాలో పదమూడు రోజులపాటు చెలరేగిన మంటల్లో 16 మంది చనిపోయారు, సుమారు ఐదు లక్షల ఎకరాలు కాలిపోయాయి. మనుషులూ యంత్రాలూ ఉన్నా, ఒక శాఖ మాట మరో శాఖకు అర్థం కాలేదన్నది అప్పుడు తేలిన లోపం. దానిలోంచి పుట్టిందే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్. కార్చిచ్చు పటాలకు అక్కడ ఇప్పుడు దేశమంతటికీ ఒకే నియమావళి ఉంది. ఎర్ర గీత అంటే అదుపులోకి రాని మంట అంచు. నల్ల గీత అంటే ఆగిన అంచు. బుల్డోజర్‌తో తీసిన గీతకు నల్లని ‘ఎక్స్’ గుర్తుల వరస. ఒక దళం బాధ్యత ముగిసి మరో దళం బాధ్యత మొదలయ్యే చోట వీపు వీపు ఆనించిన రెండు బ్రాకెట్లు. హెలికాప్టర్ దిగే చోటు, మనుషుల్ని దింపే చోటు, నీళ్లు దొరికే చోటు, ప్రతిదానికీ ఒక గుర్తు, ఒక నంబరు. స్కేలు, ఉత్తర దిక్కు, డేటమ్, గీసినవారి పేరు, తేదీ లేకుండా పటం బయటికి వెళ్లకూడదు.

వీటిలో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఎర్ర గీతను తనంతట తాను నల్లగా మార్చకూడదు. ఆ అంచు ఇక కదలదని క్షేత్రంలో ఉన్న బాధ్యుడు చెప్పాలి. రెండోది, రంగు పోయినా పటం చదవగలగాలి. గుర్తుల ఆకారంతోనే అర్థం తెలిసేలా గీస్తే ఠాణాలోని జిరాక్స్ మిషన్ మీద తీసిన నలుపు తెలుపు కాపీ కూడా పనికొస్తుంది.

నియమాలున్నంత మాత్రాన ప్రాణాలు దక్కుతాయని కాదు. 2013 జూన్ 30న అరిజోనాలోని యార్నెల్ హిల్ దగ్గర 19 మంది అగ్నిమాపక సిబ్బంది మంటల్లో చిక్కుకుని చనిపోయారు. మంట నిరోధక ద్రవం నింపుకున్న పెద్ద విమానం పైనే తిరుగుతోంది. కింద వాళ్లు సరిగ్గా ఎక్కడున్నారో తెలియలేదు. 2019లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం సిబ్బంది ఉన్నచోటును ఎప్పటికప్పుడు తెలుసుకునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. మన తేనీ జిల్లా కురంగణిలో 2018 మార్చి 11న ట్రెక్కింగ్‌కు వెళ్లినవారు మంటల్లో చిక్కుకున్న ఘటనలోనూ ఎవరు ఏ వాలు మీద ఉన్నారన్నదే ప్రాణాల మీదికి వచ్చిన ప్రశ్న.

గుర్తుల భాష భిలాయికి కొత్త కాదు. సోవియట్ సహకారంతో కర్మాగారం కట్టిన రోజుల నుంచీ ఇక్కడికి తెలుగువాళ్లు, మలయాళీలు, బెంగాలీలు, పంజాబీలు వచ్చి చేరారు. లోపల గొట్టాల్లో ఏం పారుతోందో ఒక్కొక్కరికీ వారి భాషలో రాసి పెట్టడం కుదరదు. భారత ప్రమాణం ఐఎస్ 2379 ఆ పని రంగులతో చేస్తుంది. నీటికి సముద్రపు ఆకుపచ్చ, గాలికి ఆకాశ నీలం, గ్యాసులకు కానరీ పసుపు. పసుపు గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీయకూడదని ఏ ఊరివాడికైనా తెలుస్తుంది. 2018 అక్టోబరు 9న ఇక్కడి కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను దగ్గర జరిగిన ప్రమాదంలో పదిమందికి పైగా చనిపోయారు, వారిలో అగ్నిమాపక సిబ్బందీ ఉన్నారు. కాబట్టి రంగు ఒక్కటే కాపాడుతుందని ఈ ఊళ్లో ఎవరూ అనరు. రంగు అక్కర్లేదని కూడా అనరు.

భిలాయిలో ఉన్న నాలుగు రోజుల్లో నేనొక కసరత్తు చేశాను. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో దల్లీ రాజహరా పరిసరాలు తీసుకుని, ఊహించిన ఒక మంటకు పటం గీశాను. ఉపగ్రహపు చుక్కలు వేయడం నిమిషాల పని. వెంటనే తెలిసిన సంగతేమంటే, చుక్క మంట కాదు. వీఐఐఆర్‌ఎస్ గడి 375 మీటర్లది, అంటే దాదాపు 35 ఎకరాలు. చుక్క పడేది ఆ గడి మధ్యలో. ఆ గడిలో ఎక్కడ మంట ఉన్నా చుక్క అక్కడే పడుతుంది. నిజమైన అంచు కావాలంటే ఒక మనిషి జీపీఎస్‌తో దాని వెంట నడవాలి, లేదా డ్రోన్ ఎగరాలి. నీళ్ల కోసం తాందులా, గోందలీ జలాశయాలు గుర్తించాను. దారులు, రైలుమార్గం, ఊళ్లు వేశాను. మొదటి పటానికి సగం పూట పట్టింది. గుర్తులూ సూచికా మూసలో స్థిరపడ్డాక రెండోది ఇరవై నిమిషాల్లో అయింది. ప్రమాణీకరణ వల్ల కలిసొచ్చేది ఈ తేడాయే. మంట దగ్గర సగం పూట ఆగితే అంచు మారిపోతుంది.

అసలు చిక్కు తర్వాత ఎదురైంది. గనుల దగ్గర పేలుడు పదార్థాల గిడ్డంగులుంటాయి. ఇంకాస్త దక్షిణానికి వెళ్తే క్యాంపులు, హెలిప్యాడ్లు, గస్తీ దారులు, మందుపాతర ఉందని అనుమానమున్న బాటలు. మంట ఆర్పేవాడికి ఇవన్నీ తెలియాలి, లేకపోతే అతను చస్తాడు. కాగితం చేతులు మారితే ఇవే ఇంకొకరికి దాడి పటం అవుతాయి. రహస్యం పేరుతో పటమే ఇవ్వకుండా ఉండటం మన వ్యవస్థకు అలవాటైన జవాబు. అది నాకు సమ్మతం కాదు. జీఐఎస్‌లో సమాచారమంతా పొరలు పొరలుగా ఉంటుంది. కమాండ్ పోస్టులో తెరిచే పటంలో అన్ని పొరలూ ఉంచి, క్షేత్రానికి వెళ్లే ప్రతిలో కొన్నింటిని మూసేయవచ్చు. వాటి బదులు ‘ప్రవేశం లేదు’ అని గళ్ల గీతలతో ఒక హద్దు వేస్తే చాలు. లోపల గిడ్డంగి ఉందా, మందుపాతర ఉందా, వాలు మరీ నిటారుగా ఉందా అన్నది రాయనక్కర్లేదు. కొండవాలుకూ అదే గీత వాడితే గీతను చూసి రహస్యం పట్టలేరు. రక్షణకొకటి, జనానికొకటి అని 2005లోనే రెండు వరసల పటాలు పెట్టుకున్న దేశానికి ఇది కొత్త ఆలోచనేమీ కాదు.

పునాదులు మన దగ్గర ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం షాద్‌నగర్‌లో ఉపగ్రహ సమాచారాన్ని అందుకుంటుంది. డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ 2004 నుంచి మంటల హెచ్చరికలు పంపుతోంది. పేరు నమోదు చేసుకుంటే మామూలు పౌరుడికీ ఎస్ఎంఎస్ వస్తుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 జులైలో ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికా పద్ధతిని మన జిల్లా కలెక్టర్ వ్యవస్థకు అమర్చిన చట్రం అది. పరిస్థితి వివరాలు సేకరించే విభాగం కూడా అందులో ఉంది. చుక్కను అంచుగా, అంచును అందరూ ఒకేలా చదివే పటంగా మార్చే పని ఆ విభాగానిదే కావాలి. దానికి పది గుర్తులు, ఒక డేటమ్, అక్షాంశాలు రాసే ఒకే తీరు, మంట అంచు ఏ గంటకు నమోదైందో చెప్పే ఒక గడి చాలు. ఇందులో కొనవలసిన యంత్రమేదీ లేదు.

ఫలితం ముందుగా చూడాల్సిన చోటు మన సరిహద్దే. చర్ల అడవికీ బీజాపూర్ అడవికీ మధ్య గోడ లేదు. అటు ఎగిసిన నిప్పు ఇటు పడుతుంది. అటు హిందీలో పేర్లు, ఇటు తెలుగులో పేర్లు, రెండు వైపులా కోయ గూడేల వాళ్లు పిలిచే పేర్లు ఇంకొకటి. ఫిబ్రవరి మధ్యలో మంటల కాలం మొదలవడానికి ముందే భద్రాద్రి కొత్తగూడెం, బీజాపూర్ జిల్లాల అటవీ, పోలీసు అధికారులూ, కేంద్ర బలగాల అధికారులూ, ఒక హెలికాప్టర్ పైలటూ ఒక పూట కలిసి కూర్చోవాలి. లేని మంట ఒకటి ఊహించుకుని, ఒకరు గీసిన పటాన్ని మరొకరి చేతికిచ్చి, నోటితో ఏమీ చెప్పకుండా, నీళ్లు ఎక్కడ పోయాలో వేలు పెట్టి చూపించమనాలి. ఆ వేళ్లు నాలుగు చోట్ల పడితే, ఎండాకాలం రాకముందు సరిదిద్దుకోవడానికి ఇంకా వారాల వ్యవధి ఉంటుంది.