రెండు నెలలు యూనిఫాం, పది నెలలు ఆఫీసు

2025 మే నెల. టీవీలన్నీ ఆపరేషన్ సిందూర్ వార్తలతో హోరెత్తుతున్నాయి. సరిగ్గా ఆ సమయంలో రక్షణ మంత్రిత్వ శాఖ నోటిఫికేషన్ ఒకటి బయటికొచ్చింది. మే 6 తేదీ వేసిన ఆ ఉత్తర్వు, టెరిటోరియల్ ఆర్మీలోని అధికారులనూ జవాన్లనూ అవసరాన్నిబట్టి విధుల్లోకి పిలిచే అధికారాన్ని సైన్యాధిపతికి ఇచ్చింది. మొత్తం 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను మోహరించవచ్చని, 2028 ఫిబ్రవరి 9 వరకు ఇది అమల్లో ఉంటుందని అందులో ఉంది. అది చూడగానే చాలామందికి మహేంద్ర సింగ్ ధోనీ గుర్తొచ్చాడు. ఆయన ఆ సైన్యంలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ మరి.

కానీ ఆ పిలుపు అందుకునేవాళ్లలో పేరున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మిగతావాళ్లు బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, కంపెనీల్లో పనిచేసుకునేవాళ్లు, సొంత ప్రాక్టీసు నడుపుకునేవాళ్లు. మాజీ సైనికులతో నడిచే కొన్ని ప్రత్యేక యూనిట్లను పక్కన పెడితే, చేతిలో ఒక ఉపాధి ఉన్నవాళ్ల కోసమే ఈ సైన్యాన్ని తీర్చిదిద్దారు. ఇక్కడ అధికారిగా చేరాలంటే డిగ్రీ, ఆరోగ్యం, 18 నుంచి 42 ఏళ్ల మధ్య వయసుతో పాటు సంపాదన ఉండాలి. నిరుద్యోగికి ఇది దారి కాదు. సైనికుడవ్వాలంటే ముందు ఉద్యోగస్థుడై ఉండాలన్న ఈ నిబంధనలోనే దీని అందమూ ఉంది, చిక్కూ ఉంది.

ఆలోచన పాతదే. బ్రిటిష్‌వాళ్లు 1920లో ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్ పేరుతో ఇలాంటి దళాన్ని పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టం చేశారు. మరుసటి ఏడాది అక్టోబర్ 9న గవర్నర్ జనరల్ రాజాజీ ఈ సైన్యాన్ని ప్రారంభించారు. ఏటా ఆ తేదీన వ్యవస్థాపక దినం జరుపుకుంటారు. 1962, 1965, 1971 యుద్ధాల్లో ఈ బెటాలియన్లు పనిచేశాయి. శ్రీలంకకు వెళ్లాయి, పంజాబ్‌లో, కశ్మీర్‌లో, ఈశాన్య రాష్ట్రాల్లో కాపలా కాశాయి. వంతెనలు, డిపోలు, రహదారుల రక్షణ బాధ్యత వీళ్లు తీసుకుంటే రెగ్యులర్ సైన్యం ముందుకు కదలగలుగుతుంది. ఇప్పటికీ ప్రధాన సూత్రం అదే.

శిక్షణ ఎలా ఉంటుంది? సాధారణ ఇన్‌ఫాంట్రీ యూనిట్లో చేరినవాళ్లకు మొదటి ఏడాది నెల రోజుల ప్రాథమిక శిక్షణ ఇస్తారు. ఆపైన ఏటా రెండు నెలల క్యాంపు. నగరాల్లో ఉండే అర్బన్ యూనిట్ల పద్ధతి వేరు. అక్కడ సెలవు రోజుల్లో, శని ఆదివారాల్లో శిక్షణ నడుస్తుంది, నాలుగు గంటలను ఒక రోజు కింద కడతారు. కాగితం మీద ఇది చిన్న లెక్కలాగే కనిపిస్తుంది. ఆరు రోజులు ఆఫీసులో గడిపి ఏడో రోజు తెల్లవారుజామునే బూట్లు కట్టుకునే మనిషికి దాని బరువు తెలుస్తుంది.

క్యాంపులో చీకటి ఉండగానే లేవాలి. పరుగు, వ్యాయామం, తర్వాత డ్రిల్లు. పది నెలలు కుర్చీకి అలవాటుపడిన నడుము మొదటి వారమంతా మొరాయిస్తుంది. కొత్త బూట్లు మడమల దగ్గర బొబ్బలెక్కిస్తాయి. ఆయుధ శిక్షణలో రైఫిల్‌ను భాగాలుగా విప్పి, తుడిచి, మళ్లీ బిగించాలి; ఏ భాగం తర్వాత ఏది వస్తుందో కళ్లు మూసుకున్నా చేతులకు తెలిసేదాకా చేయిస్తారు. ఫైరింగ్ రేంజిలో బోర్లా పడుకుని, సగం ఊపిరి వదిలి, మిగతా సగాన్ని బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాలి. వేలు కాస్త తొందరపడినా గుండు పక్కకు పోతుంది. మ్యాప్ రీడింగ్‌లో ఫోను పనికిరాదు. దిక్సూచి పట్టుకుని, కోణం చూసుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ రాత్రిపూట గుట్టల్లో నడిచి చెప్పిన చోటికి చేరాలి. నిన్నటిదాకా కింద పనిచేసేవాళ్లకు ఆదేశాలిచ్చిన మేనేజరు కూడా ఇక్కడ హవల్దార్ చెప్పినట్టు వినాల్సిందే.

ఈ కష్టానికి సిద్ధపడే ఎవరైనా చేరతారు. ఒళ్లు కొన్నాళ్లకు దారికొస్తుంది. తేలనిది మరొకటి: వదిలి వచ్చిన కుర్చీ సంగతి.

ఉదాహరణకు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగిని తీసుకుందాం. ఏడాదికొచ్చే క్యాజువల్ లీవు, ఎర్న్‌డ్ లీవు అన్నీ కలిపినా అరవై రోజులు కావు. కలిపినవన్నీ క్యాంపుకే వాడేస్తే పిల్లలకు జ్వరమొచ్చిన రోజుకు, చెల్లెలి పెళ్లికి ఏమీ మిగలదు. జీతం లేని సెలవు పెడితే క్యాంపులో ఉన్నంతకాలం సైన్యం జీతమిస్తుంది. శిక్షణలో, విధుల్లో ఉన్న రోజులకు రెగ్యులర్ సైనికుడితో సమానంగా జీతభత్యాలు ఉంటాయి. అయితే ఐటీ ఉద్యోగి విషయంలో ఆ జీతానికీ కంపెనీ జీతానికీ మధ్య తేడా పెద్దదే కావచ్చు. ఆ పైన ప్రాజెక్టు ఉంది. రెండు నెలలు లేని మనిషి పని పక్క సీటు మీద పడుతుంది. అప్రైజల్ సమయంలో ఆ రెండు నెలలు ఎవరికి ఎలా గుర్తుంటాయో చెప్పలేం.

చట్టం ఈ సంగతిని మరిచిపోలేదు. టెరిటోరియల్ ఆర్మీ చట్టంలోని 7ఎ సెక్షన్ ప్రకారం, సైనిక విధులకు పిలుపొచ్చిన ఉద్యోగికి యజమాని సెలవివ్వాలి, తిరిగొచ్చాక ఉద్యోగంలోకి తీసుకోవాలి. పైగా మధ్యలో విరామమే లేకుంటే ఆ ఉద్యోగికి ఎలాంటి షరతులు వర్తించేవో, వాటికి తగ్గకుండా తీసుకోవాలి. మొండికేసిన యజమాని నుంచి ఆరు నెలల జీతం దాకా పరిహారం ఇప్పించే వీలుంది. ప్రావిడెంట్ ఫండ్ లాంటి హక్కులు పోకుండా 7బి సెక్షన్ కాపాడుతుంది. ప్రభుత్వ ఉద్యోగికి మరింత భరోసా ఉంది: శిక్షణలో గడిపిన కాలం ఇంక్రిమెంట్లకు, పెన్షన్‌కు సర్వీసు కిందే లెక్కకొస్తుంది.

మంచి చట్టమే. కాకపోతే ఎక్కువ కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో ఆ సెక్షన్ల పేరు విన్నవాళ్లు అరుదు. ప్రసూతి సెలవు గురించి, గ్రాట్యుటీ గురించి పాలసీ పుస్తకంలో పేజీలకు పేజీలు ఉంటాయి. టెరిటోరియల్ ఆర్మీ అన్న మాట ఎక్కడా ఉండదు. చివరికి చట్టాన్ని తన మేనేజరుకు వివరించే పని కూడా ఆ ఉద్యోగి మీదే పడుతుంది. ఉద్యోగంలోంచి తీసేస్తే కోర్టుకెక్కవచ్చు. మంచి ప్రాజెక్టు ఇవ్వకపోతే, ప్రమోషన్ జాబితాలో పేరు కిందికి జారితే, దానికి సాక్ష్యం తేవడం ఎలా? ఆరు నెలల జీతమనే పరిమితి కూడా పెద్ద కంపెనీని భయపెట్టేది కాదు. ఇక సొంతంగా ప్రాక్టీసు చేసుకునే న్యాయవాదికి, క్లినిక్ నడిపే డాక్టరుకు, దుకాణదారుకు యజమానే లేడు కాబట్టి ఆ సెక్షన్‌తో పనే లేదు. షట్టరు దించితే ఆ రెండు నెలల రాబడి పోయినట్టే, కొందరు ఖాతాదారులు కూడా పోయినట్టే.

పెన్షన్ వస్తుందనుకుని చేరేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. అధికారికి పెన్షన్ రావాలంటే 20 ఏళ్లు, జవానుకు 15 ఏళ్లు వాస్తవంగా విధుల్లో గడిపి ఉండాలి. ఏటా రెండు నెలల చొప్పున ఇరవై ఏళ్లు క్యాంపుకు వెళ్లినా అది మొత్తం మూడేళ్ల నాలుగు నెలలే. బెటాలియన్‌ను ఏళ్ల తరబడి మోహరిస్తే తప్ప ఆ గీత దాటడం సాధ్యం కాదు. అలా మోహరిస్తే ఇక్కడి ఉద్యోగానికి అన్నేళ్లూ దూరమవ్వాలి.

యజమానే స్వయంగా సైన్యంతో చేయి కలిపితే ఎలా ఉంటుందో రైల్వేలో చూడవచ్చు. రైల్వే ఉద్యోగులతోనే ఏర్పాటైన ఇంజినీర్ రెజిమెంట్లు చాలాకాలం నడిచాయి; వాటిలో ఒకటి సికింద్రాబాద్‌ది. యుద్ధమొస్తే లైన్లు తెగకుండా, రైళ్లు ఆగకుండా చూడడం వీళ్ల పని. సెలవు గురించి బతిమాలుకోవాల్సిన అవసరం లేదు, డిపార్ట్‌మెంటే పంపుతుంది. కానీ ఆ ఏర్పాటుకూ ఒక పరీక్ష ఎదురైంది. 1974 మేలో జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగినప్పుడు రైళ్లు నడపడానికి ప్రభుత్వం టెరిటోరియల్ ఆర్మీని దించింది. తోటి కార్మికులు ఆపిన బండిని యూనిఫాం వేసుకున్న రైల్వే మనిషి నడపాలి. రెండు కొలువులు ఉన్నవాడికి ఇంతకన్నా కఠినమైన రోజు ఉంటుందా? తర్వాతి కాలంలో రైల్వే శాఖ ఈ యూనిట్ల అవసరాన్ని సమీక్షించింది. 2021లో ఆరింటిలో ఐదింటిని రద్దు చేయాలని నిర్ణయించారు. సిలిగురి మీదుగా ఈశాన్యానికి వెళ్లే కీలకమైన లైను కోసం జమాల్‌పూర్ రెజిమెంటును మాత్రం ఉంచారు. సికింద్రాబాద్ యూనిట్ రద్దు జాబితాలో చేరింది. అయితే టెరిటోరియల్ ఆర్మీలోనే, గార్డ్స్ రెజిమెంటుకు అనుబంధమైన 125 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌కు సికింద్రాబాదే కేంద్రం.

పేరున్నవాళ్ల విషయానికొస్తే, ధోనీ 2019లో వెస్టిండీస్ పర్యటనకు వెళ్లకుండా జులై 31 నుంచి ఆగస్టు 15 వరకు కశ్మీర్‌లో తన బెటాలియన్‌తో గడిపాడు. గస్తీ, గార్డు డ్యూటీ చేశాడు. అంతకుముందే ఆగ్రాలో పారాచూట్ దూకుళ్లు పూర్తిచేసి అర్హత సంపాదించాడు. గౌరవ హోదాను అంత పట్టుదలగా తీసుకున్నందుకు మెచ్చుకోవలసిందే. సచిన్ పైలట్ దారి వేరు. కేంద్ర మంత్రిగా ఉంటూనే పరీక్షలు, ఇంటర్వ్యూలు దాటి 2012లో కమిషన్ పొందాడు. 2016లో ఎంపీగా ఉన్న అనురాగ్ ఠాకూర్ కూడా అలాగే చేరాడు. వీళ్ల వల్ల టెరిటోరియల్ ఆర్మీ పేరు ఇళ్లల్లో వినిపించింది. అయితే వీళ్లెవరూ సెలవు దరఖాస్తు చేతపట్టుకుని టీమ్ లీడ్ ముందు నిలబడలేదు.

ఇతర దేశాలు ఈ ముడిని ఎలా విప్పుతున్నాయో చూస్తే మన దగ్గర ఏది కొరవడిందో తెలుస్తుంది. అమెరికాలో నేషనల్ గార్డ్‌లో చేరినవాళ్లకు నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాల శిక్షణ ఆనవాయితీ. 1946లో ఫిష్‌గోల్డ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఒక ఎస్కలేటర్ పోలిక చెప్పింది: తిరిగొచ్చిన సైనికుడు దిగిన మెట్టు మీదికి కాదు, దిగకుండా ఉంటే ఈపాటికి చేరి ఉండే మెట్టు మీదికి ఎక్కాలి. 1994 నాటి చట్టం దాన్నే కొనసాగిస్తోంది. యజమానికీ ఉద్యోగికీ మధ్య పేచీ వస్తే మాట్లాడి సర్దిచెప్పడానికి ప్రభుత్వమే మనుషులను పెట్టింది. అక్కడా గొడవలు లేకపోలేదు. ఇరాక్ వెళ్లొచ్చి ఊపిరితిత్తుల జబ్బు పాలైన టెక్సస్ పోలీసు ఒకరు తనకు తగిన పని ఇవ్వలేదని సొంత రాష్ట్రం మీదే దావా వేశారు. రాష్ట్ర ప్రభుత్వాలను కూడా ఇలా కోర్టుకీడ్చవచ్చని 2022లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది.

సింగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఇంటి విషయం. అక్కడ పౌరుల కొడుకులతో పాటు, తల్లిదండ్రుల ద్వారా శాశ్వత నివాసం పొందిన మగపిల్లలూ రెండేళ్లు పూర్తికాలం సైనిక సేవ చేయాలి. ఆ తర్వాత ఉద్యోగంలో చేరినా ఏటా గరిష్ఠంగా 40 రోజుల వరకు పిలుపొస్తుంది. ఏళ్లపాటు ఇది తప్పదు. అయినా ఆఫీసుల్లో పెద్ద రభస ఉండదు. మేనేజరు కూడా ఒకప్పుడు అదే పిలుపు అందుకున్నవాడు కావడం ఒక కారణం. ఉద్యోగి పోగొట్టుకునే జీతాన్ని ప్రభుత్వం భర్తీ చేయడం రెండో కారణం. నష్టం కంపెనీ మీదా పడదు, ఉద్యోగి మీదా పడదు.

మన దగ్గర లోపించింది ఈ రెండోదే. దేశానికి అవసరమైన పనికి అయ్యే ఖర్చును ఉద్యోగీ, అతని కంపెనీ మాత్రమే మోయాలనడం న్యాయం కాదు. జీతం తేడాలో కొంతైనా ప్రభుత్వం భరిస్తే, లేదా ఇలాంటి ఉద్యోగులున్న చిన్న సంస్థలకు పన్నులో వెసులుబాటు ఇస్తే, ప్రైవేటు రంగం నుంచి చేరేవాళ్లకు దారి సులువవుతుంది. 2018లో ఢిల్లీ హైకోర్టు మహిళలకూ ఈ సైన్యంలో చోటుండాలని తీర్పు చెప్పింది. ఇంటి పని, ఆఫీసు పని రెండూ మోసే స్త్రీ మూడోదానికి సిద్ధపడితే, ఆమెకు కావలసింది ప్రశంసాపత్రం కన్నా ముందు రెండు నెలలు పిల్లలను చూసుకునే ఏర్పాటు.

అంతవరకు చేరాలనుకునేవాళ్లు కొన్ని పనులు ముందే చేసుకోవడం మేలు. దరఖాస్తు పెట్టకముందే ఇంట్లోనూ ఆఫీసులోనూ చెప్పాలి. ఎంపికయ్యాక చెబితే దాచిపెట్టినట్టవుతుంది. క్యాంపు తేదీలు తెలిసిన రోజే హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, 7ఎ, 7బి సెక్షన్ల ప్రతిని జతచేసి, అందినట్టు జవాబు తీసుకోవాలి. జీతం తేడాకు సరిపడా డబ్బు విడిగా దాచుకోవాలి. హోమ్ లోన్ వాయిదాలు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తన పని ఎవరికి అప్పగించాలో తనే సూచిస్తే, ఆ సహోద్యోగి సెలవులో వెళ్లినప్పుడు ఆ బదులు తీరిస్తే, సగం విసుగు పుట్టకుండానే పోతుంది. పరుగు మాత్రం పది నెలలూ మానకూడదు, క్యాంపు మొదటి వారంలో మడమలు, మోకాళ్లు దానికి లెక్క అడుగుతాయి.