తేనె తీపి – తెలిసి వాడుకుందాం

ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లె అనుకోండి. ఒక ఇంట్లో కోడలు కాన్పయింది. బిడ్డకు ఇంకా మూడు వారాలే. అవ్వ సంతోషంగా తేనె సీసా తీసింది.

"రవ్వంత తేనె నాకిస్తే బిడ్డకు మాట బాగా వస్తుంది" అంది.

అంతలో అంగన్‌వాడీ టీచరు వచ్చింది. "వద్దవ్వా! ఏడాది నిండేదాకా బిడ్డకు తేనె పెట్టొద్దు" అంది.

"అదేంది టీచరమ్మా? మా కాలంలో అందరికీ నాకించినాం గదా! చక్కెర మంచిది కాదంటిరి. ఇప్పుడు తేనె కూడా మంచిది కాదా?"

అవ్వ అడిగింది మంచి ప్రశ్న. జవాబు తెలుసుకుందాం.

చక్కెర – తేనె

చక్కెరనే పంచదార అని కూడా అంటారు. మిల్లులో చెరకు రసాన్ని కాచి, శుభ్రం చేసి, తెల్లని పలుకులుగా చేస్తారు. అందులో తీపి తప్ప ఇంకేమీ మిగలదు.

తేనెను ఈగలు తయారు చేస్తాయి. పూలలోని తియ్యని నీటిని పట్టులో చేరుస్తాయి. రెక్కలతో విసిరి ఆ నీటిని ఆరబెడతాయి. అది చిక్కబడి తేనె అవుతుంది.

100 గ్రాముల తేనెలో సుమారు 80 గ్రాములు తీపి పదార్థమే. 17, 18 గ్రాములు నీరు. రంగు, రుచి, వాసన ఇచ్చేవి కొంచెం ఉంటాయి. అంటే తేనె కూడా ఒక రకం చక్కెరే. ఇది మరిచిపోకూడదు.

ఇంకో సంగతి. ఒక చిన్న చెంచా చక్కెర సుమారు 4 గ్రాములు. అదే చెంచాతో తేనె 7 గ్రాములు తూగుతుంది. చెంచాకు చెంచా వేస్తే తేనెలోనే తీపి ఎక్కువ. అందుకే కొలత తగ్గించాలి.

వంటలో ఎట్లా వాడాలి?

ఒక గ్లాసు చక్కెర వేసే చోట ముప్పావు గ్లాసు తేనె చాలు. తేనెలో నీరు ఉంటుంది కాబట్టి, కలిపే నీళ్లు పావు గ్లాసు తగ్గించాలి. పొయ్యి మీద తేనెను మరిగిస్తే మంచి వాసన పోతుంది. వంట దించినాక, చల్లారినాక కలపాలి.

కొర్ర పాయసం చేసి చూడండి. కావలసినవి ఇవి:

కొర్ర బియ్యం 1 గ్లాసు
నీళ్లు 3 గ్లాసులు
కాచిన పాలు 2 గ్లాసులు
తేనె పావు గ్లాసు
యాలకులు 2
వేయించిన బుడ్డలు గుప్పెడు

కొర్రలు కడిగి అరగంట నానబెట్టాలి. నీళ్లు మరిగినాక వేసి, సన్న మంట మీద మెత్తగా ఉడికించాలి. పాలు పోసి 5 నిమిషాలు ఉంచి దించాలి. వేలు పెడితే కాలనంత చల్లారినాక తేనె కలపాలి. యాలకుల పొడి, బుడ్డలు పైన వేయాలి. ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.

సజ్జ రొట్టె మీద ఒక చెంచా తేనె రాసి పిల్లలకు ఇవ్వొచ్చు. ఎండలో పత్తి ఏరి వచ్చినాక నిమ్మకాయ నీళ్లలో చక్కెరకు బదులు తేనె కలుపుకోవచ్చు.

అన్నిటికీ తేనె పనికిరాదు. అరిసెలకు, బుడ్డల చిక్కీకి గట్టి పాకం కావాలి. తేనెతో ఆ పాకం కుదరదు. ఓళిగల పూర్ణం తేనెతో జారిపోతుంది. వాటికి బెల్లమే మంచిది. తేనె ఖరీదు కూడా ఎక్కువ. కూలి డబ్బులతో నెలనెలా కొనలేకపోతే బాధపడొద్దు. టీలో రెండు చెంచాల చక్కెర వేసే చోట ఒకటి వేయండి. అంతకన్నా మేలు లేదు. ఖర్చూ తగ్గుతుంది.

మంచి తేనె ఎక్కడిది?

శ్రీశైలం వైపు నల్లమల అడవుల్లో చెంచులు తేనె తీస్తారు. గిరిజన సహకార సంస్థ గిరిజనుల దగ్గర తేనె కొని, సీసాల్లో నింపి అమ్ముతుంది. ఈ సంస్థ 1956లో ఏర్పడింది.

బజారులో కల్తీ తేనె కూడా ఉంది. 2020లో ఢిల్లీలోని సైన్స్, పర్యావరణ కేంద్రం 22 తేనె నమూనాలను పరీక్ష చేయించింది. 5 మాత్రమే అన్ని పరీక్షల్లో నెగ్గాయి. మిగతా చాలా వాటిలో చక్కెర పాకం కలిసిందని ఆ సంస్థ చెప్పింది.

నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్లకు రాసి వెలిగించటం నమ్మకమైన పరీక్షలు కావు. తేనె గడ్డకట్టితే కల్తీ అని కూడా అనుకోవద్దు. మంచి తేనె కూడా గడ్డకడుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుంది.

మీకు ఇప్పుడు చదవటం వచ్చింది. సీసా మీద చీటీ చూడండి. తయారు చేసిన తేదీ ఉందా? 14 అంకెల లైసెన్సు నంబరు ఉందా? లేకపోతే కొనొద్దు.

జాగ్రత్తలు

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు "తేనె గదా, ఏమీ కాదు" అనుకోకూడదు. తేనెతో కూడా రక్తంలో చక్కెర పెరుగుతుంది. డాక్టరును అడిగే తినాలి. తేనె తింటున్నామని మాత్రలు మానొద్దు.

ఏడాది లోపు బిడ్డలకు తేనె అసలే వద్దు. ఎందుకంటే తేనెలో కంటికి కనిపించని ఒక రకం క్రిముల బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ల కడుపులో అవి మొలకెత్తవు. పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఈ జబ్బు పేరు బొట్యులిజం. ఇది అరుదు. వస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో తేనె కాచినా ఆ బీజాలు చావవు.

బిడ్డకు విరేచనం కాకపోవటం, ఏడుపు సన్నగిల్లటం, పాలు సరిగా చీకకపోవటం, రెప్పలు వాలిపోవటం, ఒళ్లు వేలాడిపోవటం దీని గుర్తులు. ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తేనె పెట్టి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇదంతా విని అవ్వ తేనె సీసా మూత బిగించింది.

"అయితే బిడ్డకు ఏం పెట్టాల టీచరమ్మా?"

"ఆరు నెలల దాకా తల్లిపాలు చాలవ్వా. నీళ్లు కూడా వద్దు."

"సరే తల్లీ. ఏడాది పండగనాడు నా చేత్తోనే కొర్ర పాయసం తినిపిస్తా" అని అవ్వ నవ్వింది. సీసాను అటక మీద పెట్టింది.