సినిమా అయిపోయాక మొదలైన నవల

స్టార్ వార్స్ మూడో సినిమా ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ 1983లో వచ్చింది. చక్రవర్తి చచ్చాడు, తిరుగుబాటుదారులు గెలిచారు, శుభం! మరి ఆ తర్వాత? ఆ ప్రశ్నకి తిమోతీ జాన్ 1991లో ‘ఎయిర్ టు ది ఎంపైర్’ అనే నవలతో జవాబు చెప్పారు.

నేనీ నవల మెసయీద్‌లోనే చదివాను. దోహాకి దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్ళో ఫ్యాక్టరీలు దాటితే అన్నీ ఇసుక తిన్నెలే. ల్యూక్ పెరిగిన ఎడారి గ్రహాన్ని ఊహించుకోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు!

కథ సినిమా ముగిసిన ఐదేళ్ళకి మొదలవుతుంది. గెలిచినవాళ్ళకి యుద్ధం కన్నా ప్రభుత్వం నడపడమే కష్టంగా ఉంటుంది. హాన్ సోలోని పెళ్ళాడిన లేయా కవలలతో నిండు మనిషి. ఇంతలో ఓడిన సామ్రాజ్యంలో మిగిలిన నౌకల్ని థ్రాన్ అనే సేనాని కూడగడతాడు. ఇతనికి అతీత శక్తులేమీ లేవు. శత్రుజాతి చిత్రాలూ శిల్పాలూ చూసి, వాళ్ళ మనస్తత్వం పసిగట్టి వ్యూహం పన్నుతాడు. నవలకి ప్రాణం ఇతనే.

దీని తర్వాత ఇలాంటి నవలలు వందకు పైగా వచ్చాయి. వాటి మధ్య పొంతన చెడకుండా చూడ్డానికి లూకాస్‌ఫిల్మ్ 2000 నుంచి ‘హోలోక్రాన్’ అనే డేటాబేస్ నడిపింది. జార్జ్ లూకాస్ సినిమాలది పై మెట్టు, నవలలది కింది మెట్టు. రెండింటికీ తేడా వస్తే నవలే తప్పుకోవాలి. అయినా కిందినుంచి పైకి ఎక్కినవీ ఉన్నాయి. రాజధాని గ్రహానికి ‘కోరుసాంట్’ అని పేరు పెట్టింది జాన్ నవలే. 1999 నాటి సినిమాలో ఆ పేరే వాడారు.

2012లో లూకాస్‌ఫిల్మ్‌ని డిస్నీ కొనేసింది. కొత్త సినిమాలకి అడ్డు రాకుండా 2014లో ఈ నవలలన్నిటినీ ‘లెజెండ్స్’ అని పక్కన పెట్టేశారు. ఇరవై మూడేళ్ళుగా చదివినవాళ్ళకి “అవేవీ జరగలేదు” అని చెప్పినట్టయింది. తమాషా ఏమిటంటే, థ్రాన్‌ని మాత్రం వదులుకోలేకపోయారు. 2016లో ‘రెబెల్స్’ యానిమేషన్ సీరియల్లోకి తెచ్చారు. 2017లో జాన్ చేతే అతని మీద కొత్త నవల రాయించారు. 2023లో ‘అసోకా’లోనూ అతనే విలన్!

మనకిది కొత్తేమీ కాదు. శశిరేఖ పెళ్ళి కథ వ్యాసభారతంలో లేదు. అయినా 1957 నాటి ‘మాయాబజార్’ని మన భారతం లోంచి ఎవరు తీసెయ్యగలరు? భారతానికి యజమాని లేడు. బాహుబలికి ఉన్నారు. ఆ సినిమాకి ముందుకథగా ఆనంద్ నీలకంఠన్ 2017లో ఇంగ్లీషులో ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ రాశారు. రేపు సినిమావాళ్ళు శివగామి గతాన్ని ఇంకోలా చూపిస్తే దాని గతీ ఇంతే కావచ్చు.

అందుకే నేననేదేమిటంటే, ఏది అసలు కథో తేల్చే హక్కు కంపెనీది. ఏది గుర్తుంచుకోవాలో తేల్చుకునేది మాత్రం చదువరే. మీ పిల్లలు అట్ట మీద ‘లెజెండ్స్’ అని ఉన్న పుస్తకం తెస్తే “ఇది నిజం కాదటగా” అని పక్కన పెట్టనివ్వకండి. థ్రాన్ బతికింది అలాంటి పాఠకుల వల్లే!