ఒడిదుడుకుల విపణిలో ధరల పుంజుకోలు: 2020 మార్చి పరిణామాల పరిశీలన

స్టాక్ మార్కెట్‌లో ధరలు వేగంగా పడిపోయిన వెంటనే కొంతమేరకు పైకి లేవడం తరచుగా కనిపించే పరిణామం. దానిని ఆధారం చేసుకొని లాభం ఆశించే వ్యాపారరీతి ఒక మౌలిక ప్రశ్నను ఎదుర్కొంటుంది. ధర పుంజుకున్నంత మాత్రాన పతనం ముగిసినట్లేనా? 2020 మార్చి నెలలో సెన్సెక్స్ గమనం ఈ ప్రశ్నను పరిశీలించడానికి అనువైన ఉదాహరణ.

కోవిడ్ భయాల నడుమ మార్చి 13 ఉదయం నిఫ్టీ 10 శాతానికి పైగా పడిపోవడంతో, నిబంధనల ప్రకారం లావాదేవీలు 45 నిమిషాలపాటు నిలిచిపోయాయి. ఆనాడు 29,389 స్థాయికి దిగిన సెన్సెక్స్, కనిష్ఠం నుండి సుమారు 16 శాతం కోలుకొని 34,103 వద్ద ముగిసింది. అయితే పతనం అంతటితో ఆగలేదు. మార్చి 23న ఒక్కరోజే 13 శాతానికి పైగా క్షీణించి 25,981 వద్ద నిలిచింది. 13వ తేదీ ముగింపు స్థాయిలో కొన్నవారికి అప్పటికి దాదాపు 24 శాతం నష్టం; ఆనాటి కనిష్ఠ స్థాయిలో కొన్నవారికి సైతం 12 శాతం నష్టం.

ఇందుకు కారణం పుంజుకోలు స్వభావంలోనే ఉంది. పతనకాలంలో అమ్మకాలన్నీ సంస్థల విలువపై అంచనాలు మారినందువల్ల జరిగేవి కావు. అదనపు మార్జిన్ చెల్లించలేని వ్యాపారులు, మదుపరులకు సొమ్ము తిరిగి ఇవ్వవలసిన ఫండ్లు అయినకాడికి అమ్ముకోవలసి వస్తుంది. కొనేవారు కరువైనప్పుడు ధర అవసరానికి మించి పడుతుంది. ఆ ఒత్తిడి సడలగానే, షార్ట్ సెల్లర్లు తిరిగి కొనడం ప్రారంభించగానే ధర లేస్తుంది. అమెరికా షేర్లపై స్టెఫాన్ నేగెల్ 2012లో ప్రచురించిన అధ్యయనం, పడిన షేర్లను కొని పెరిగిన షేర్లను అమ్మే స్వల్పకాలిక వ్యూహాల ప్రతిఫలం ఒడిదుడుకుల సూచిక విక్స్‌తోపాటు పెరుగుతుందని నిరూపించింది. అంటే ఆ లాభం, ఇతరులు వెనుకాడే వేళ కొనుగోలుదారుగా నిలబడినందుకు లభించే ప్రతిఫలమే తప్ప, పతనపు అడుగును గుర్తించినందుకు దక్కే బహుమతి కాదు.

24 శాతం నష్టం పూడాలంటే దాదాపు 31 శాతం పెరుగుదల అవసరం. సెన్సెక్స్ జూన్ ఆరంభంలో తిరిగి 34,103 స్థాయిని దాటింది. సొంత సొమ్ముతో కొని వేచి ఉన్నవారికి మూలధనం తిరిగి వచ్చింది. అప్పుతో కొని, మధ్యలో మార్జిన్ చెల్లించలేకపోయిన వారి షేర్లను బ్రోకర్లు అమ్మివేస్తారు కనుక, వారికి ఆ పెరుగుదల అక్కరకు రాదు. కావున ఇటువంటి వ్యాపారంలో ధర ఎప్పుడు లేస్తుందన్న అంచనా కంటే, లేచేవరకు నిలువగల ఆర్థికస్తోమత ఉన్నదా లేదా అన్నదే ముందుగా నిర్ధారించుకోవలసిన అంశం.