సిరా గీతల్లో స్త్రీ పురుష భేదం: బియర్డ్‌స్లీ 'సలోమీ' చిత్రాలు

ఉద్దేశం: ఈ భాగం చదివిన తర్వాత, 1890ల నాటి సిరా చిత్రాల్లో స్త్రీ పురుష భేదం ఎందుకు అస్పష్టంగా కనిపిస్తుందో మీరు వివరించగలుగుతారు.

పరిచయం

ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి పల్లెల్లో వీధినాటకం చూసిన మీకు మగవారు ఆడవేషం కట్టడం కొత్త కాదు. వేషం వెనుక ఎవరున్నారో ఊరందరికీ తెలుసు. అర్ధనారీశ్వర విగ్రహంలో కుడివైపు శివుడు, ఎడమవైపు పార్వతి. నడిమి గీత స్పష్టం. ఇంగ్లీషు చిత్రకారుడు ఆబ్రీ బియర్డ్‌స్లీ (1872–1898) ఆ నడిమి గీతనే చెరిపేశాడు.

సిరా, అచ్చు

అతని సిరా బొమ్మలను ఫొటో తీసి, లోహపు పలకపైకి ఎక్కించి అచ్చువేసేవారు. ఈ లైన్ బ్లాక్ పద్ధతిలో గీత నల్లగా పడుతుంది, మిగిలినది కాగితపు తెలుపు. నడుమ ఛాయలుండవు. ఛాయలు లేనప్పుడు కండలు, ఒంపులు చూపడం కష్టం. కాబట్టి జుట్టు, దుస్తులు, నిలుచున్న తీరు బట్టే బొమ్మలోని మనిషిని పోల్చుకోవాలి. బియర్డ్‌స్లీ ఆ ఆనవాళ్లనే కలగలిపాడు.

'సలోమీ' బొమ్మలు

ఆస్కార్ వైల్డ్ నాటకం 'సలోమీ' ఇంగ్లీషు ప్రతి 1894లో ఇతని బొమ్మలతో వెలువడింది. 'చంద్రునిలో స్త్రీ' అనే బొమ్మలో చంద్రబింబపు ముఖం వైల్డ్ పోలికలతో ఉంటుంది. అంటే పేరు స్త్రీది, పోలిక పురుషునిది. పక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకరు నగ్న పురుషుడు. రెండవవారు నిండా వస్త్రం కప్పుకున్నారు. వారు ఆడో మగో బొమ్మ తేల్చి చెప్పదు. శీర్షిక పుటలో కొమ్ములున్న విగ్రహానికి స్తనాలు, పురుషాంగం రెండూ గీశాడు. ప్రచురణకర్త పురుషాంగాన్ని తీయించి అచ్చువేశాడు.

గుర్తింపు ప్రశ్న

ఈ బొమ్మలు చూసి చిత్రకారుని స్వభావాన్ని నిర్ణయించవచ్చా? నాటి సమాజం ఆ పొరపాటే చేసింది. 1895లో వైల్డ్ అరెస్టయినప్పుడు, ఆ కేసుతో సంబంధం లేని బియర్డ్‌స్లీని 'ఎల్లో బుక్' త్రైమాసిక పత్రిక కళాసంపాదక పదవి నుంచి తొలగించారు. బొమ్మ సాక్ష్యమైపోయింది.

బొమ్మలోని సందిగ్ధత చిత్రకారుడు కల్పించినది. బతికున్న మనిషి గుర్తింపు సంగతి వేరు. తన జెండర్‌ను తానే నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదేనని 2014లో మన సుప్రీంకోర్టు చెప్పింది. బొమ్మను మనం ఎన్ని విధాలుగానైనా చదువుకోవచ్చు. మనిషి విషయంలో మాత్రం ముందుగా వారి మాటే వినాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. లైన్ బ్లాక్ పద్ధతికీ, బొమ్మల్లోని అస్పష్టతకూ గల సంబంధాన్ని వివరించండి.
2. వీధినాటకంలోని ఆడవేషానికీ, బియర్డ్‌స్లీ బొమ్మకూ గల తేడా ఏమిటి?